పద్నాలుగు పొరల మెత్త

రిజిస్టరు పోస్టు వచ్చేసరికి లక్ష్మీనర్సమ్మ గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సంతకం పెట్టమంటే లేచి చెయ్యి కడుక్కొచ్చి, ఒక్క అక్షరం మింగకుండా పేరంతా రాసింది. పేరు గడి దాటి పక్కింటివాళ్ళ గడిలోకి పోయింది. గీత గీస్తే సాలు గదమ్మా అని పోస్టుమ్యాన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ కవరు ఏ ఆఫీసు నుంచి వచ్చిందో పైన ముద్ర చూసి పోల్చుకుంది.

ఆమె బడి మొహం చూడలేదు. మొగుడు మిలిటరీ నుంచి రాసే ఉత్తరాలు ఊళ్ళో సారు చదివి వినిపిస్తుంటే, తన మొగుడి మాట పరాయి నోట వినడం సిగ్గనిపించి, పది ఉత్తరాలు పక్కపక్కన పరిచి, అన్నిటిలో మొదటి వరసలో వచ్చే మాట 'క్షేమం' అయి ఉండాలని ఊహించి, ఆ రెండక్షరాల కొస పట్టుకుని మిగతా అక్షరాలన్నీ లాక్కొచ్చుకుంది. ఇప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా చదువుతుంది. ఇంగ్లీషులో మాత్రం పెద్దక్షరాలు ఒక్కొక్కటీ గుర్తుపడుతుంది. నాచారంలో ఫ్యాక్టరీ బోర్డులు చూసి చూసి అబ్బిన విద్య అది. ఎన్, ఓ, టీ. ఆ మూడూ ఒకచోట చేరితే 'లేదు' అని అర్థమని, పోయినసారి జవాబు వచ్చినప్పుడు తెలుసుకుంది.

ఈ కాగితంలో ఆ మూడక్షరాలు నాలుగు చోట్ల కూర్చున్నాయి.

లోపలి నుంచి మొగుడు బిక్షపతి ఏమొచ్చిందని అడిగాడు. అదే అంది. అతను మళ్ళీ అడగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కుడికాలు చాచుకుని, చదివిన పేపరే తిప్పి చదవడం మొదలుపెట్టాడు.

బిక్షపతి మిలిటరీలో ఇరవై ఏళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చిన మనిషి. తొంభై ఐదులో మంచు కొండల మీద లారీ లోయలో పడి ఎడమ తొడ ఎముక విరిగింది. రాడ్డు వేసి అతికించారు. తొంభై ఎనిమిదిలో ఇంటికి పంపేటప్పుడు, ఇది మా పనిలో తగిలిన దెబ్బే అని ఆ ఎడమ తొడ వరకు రాసిచ్చారు. దాని మీద పేచీ లేదు. పేచీ అంతా కుడి తుంటి గురించి. ఎముక అతికింది గాని కాలు కురచైంది. కురచ కాలు మొయ్యలేని బరువు పొడుగు కాలు మోసింది. పాతికేళ్ళు మోసి మోసి కుడి తుంటి కీలు అరిగి, ఇప్పుడు ఎముకకు ఎముక రాసుకుంటోంది. మొదటి దెబ్బకు పుట్టిన దెబ్బే ఇది, దీన్నీ సైనిక సేవ కింద రాయండి అని అర్జీ పెడితే, వయసు వల్ల అరిగింది, సంబంధం లేదు అని జవాబిచ్చారు.

"వయసు రెండు తుంట్లకూ ఒక్కటే గద" అన్నాడు ఆ రోజు బిక్షపతి. "మరి ఎడమది ఎందుకు అరగలే?"

ఆ ఒక్క ప్రశ్నే అప్పీలులో రాయించి పంపారు. దానికి వచ్చిన జవాబు ఈ కవరు.

కీలు మార్చాలని డాక్టర్లు చెప్పి ఏడాదిన్నర అవుతోంది. ఆపరేషన్ చేయించుకోమని కూతురు త్రివేణి దమ్మాయిగూడ నుంచి ఆదివారం ఆదివారం వచ్చి పోరుపెడుతోంది. అతను వినడు. ముసలితనం వల్ల అరిగిందని ఒప్పుకుని నేను బల్లెక్కను, వాళ్ళ చేత్తో సంబంధం ఉందని రాసిన రోజే కత్తి పడనిస్తా అంటాడు. ఇంకో ఏడు ఇట్లాగే నడిస్తే మనిషి మంచానికి అంటుకుపోతాడని డాక్టరు లక్ష్మీనర్సమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. కుర్చీ నుంచి బాత్రూం దాకా గోడ పొడుగునా అతని అరచేతి జిడ్డు నల్లటి చారయింది. రోజూ ఆ చార చూస్తూ ఆమె గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతోంది. రైలెక్కి పోయిన మనిషి తిరిగొస్తాడని ఆశ ఉండేది. కుర్చీలో కూర్చునే పోతున్న మనిషికి ఎదురుచూడడానికి ఏ స్టేషను ఉంది?

మంగళవారం ఇద్దరూ ఆటో చేసుకుని ఉప్పల్ పోయారు. రింగురోడ్డు దగ్గర జిరాక్స్ షాపు వెనకగదిలో రామ్మోహనరావు కూర్చుంటాడు. గుంటూరు వైపు మనిషి, మిలిటరీ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. మంగళవారాలు మాజీ సైనికుల కాగితాలు చూస్తాడు. కళ్ళద్దాలు పైకి తోసి, రెండుసార్లు చదివి, మూడోసారి చదవకుండా బల్ల మీద పెట్టాడు.

"చెల్లెమ్మా, ఈసారి వాళ్ళు వయసు మాట ఎత్తలేదు. ఇంకో కాగితం పట్టుకొచ్చారు" అన్నాడు.

బిక్షపతి ఇరవై ఏళ్ళు గార్డుగా చేసిన మల్లాపూర్ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసి, వాళ్ళ దగ్గర మూలనున్న ఫైలు తెప్పించుకున్నారు. అందులో ఒక డాక్టరు సర్టిఫికెట్ ఉంది. తొంభై తొమ్మిది జూన్ నాటిది. రెండు కాళ్ళూ సమానం, నడకలో లోపం లేదు, పన్నెండు గంటలు నిలబడే పనికి తగినవాడు. రామ్మోహనరావు దాన్ని తెలుగులో చదివి, ఇది మీరిచ్చిందేనా బిక్షపతి గారూ అని అడిగాడు. బిక్షపతి ఫ్యాను వైపు చూశాడు. లక్ష్మీనర్సమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది.

రామ్మోహనరావు ఇద్దరినీ చూసి సంగతి సగం గ్రహించాడు. మిగతా సగం అడగలేదు. ఇది ఉండగా అప్పటికే కాలు కురచని ఎవరు నమ్ముతారు అన్నాడు. చక్కగా నడిచే మనిషి గేటు కాడ నిలబడి నిలబడి తుంటి అరగ్గొట్టుకున్నాడు, మాకేం పట్టింది అంటున్నారు వాళ్ళు. మిలిటరీ దవాఖానా కాగితాల్లో ఏముందని ఆమె అడిగింది. ఎముక చక్కగా అతికిందని ఉంది. కాలి పొడుగు రాయాల్సిన గడి ఖాళీ. ఎవరూ కొలవలేదు. అప్పటి ఎక్స్‌రేలు గడువు తీరిందని తగలబెట్టారు.

"ఇదే ఆఖరి అప్పీలు. అరవై రోజులు టైము. అప్పటి సాక్ష్యం ఒక్కటైనా కావాలి. అది లేకుండా పంపితే అప్పీలు కాదు, మొక్కుబడి" అన్నాడు.

ఆ రోజుల్లో రాసిన ఉత్తరాలేమైనా ఉన్నాయా అని కూడా అడిగాడు. అన్నీ ఉన్నాయి. అన్నీ ఆమెకు నోటికొచ్చు. కాలు పైకి కట్టి దవాఖానా మంచంలో పడుకోబెట్టిన నెలలో కూడా, నేను క్షేమం, ఇక్కడ చలి ఎక్కువగా ఉన్నది అని రాశాడు మహానుభావుడు. వాటిని పెడితే అవతలి పక్షానే సాక్ష్యం చెప్తాయి.

ఆ సర్టిఫికెట్ సంగతి ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆ పని చేసింది ఆమే.

బిక్షపతి సెలవుకొచ్చి పోయే ప్రతిసారీ ఆమె కాజీపేట స్టేషనుకు పోయేది. పోయేవాడి మొహం చూస్తే ఏడుపొస్తుందని, ఏడిస్తే అపశకునమని, తల వంచుకుని అతని బూట్లనే చూసేది. బూట్లు ప్లాట్‌ఫారం దాటి, మెట్టెక్కి, డబ్బాలోకి మాయమయ్యేదాకా. అందుకే అతని మొహం కన్నా నడక ఆమెకు బాగా గుర్తు. ప్రమాదం తర్వాత మొదటిసారి వచ్చి పోతూ, ఇప్పుడంతా మంచిగైంది నర్సా అన్నాడు. ఎడమ మడమ నేలకు ఆనీ ఆనకుండా పోవడం ఆమె కళ్ళారా చూసింది. అతను అబద్ధమాడాడు. తను నమ్మినట్టు నటించింది.

రిటైరై నాచారం వచ్చాక పని వెతుక్కున్నాడు. మిలిటరీ మనిషంటే గార్డు పనికి కళ్ళకద్దుకుంటారు, కుంటితే మాత్రం గేటు దాకా కూడా రానివ్వరు. రెండుచోట్ల అట్లాగే తిప్పి పంపారు. మూడోది మల్లాపూర్‌లో, డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ రాత్రి లక్ష్మీనర్సమ్మ అతన్ని గోడకు చేర్చి నిలబెట్టి, పాత బొంత చింపిన గుడ్డముక్కలు ఒకదాని మీద ఒకటి ఎడమకాలి కింద పెడుతూ పోయింది. నడుం చుట్టూ మొలతాడు ఎడమవైపు జారి ఉంది. ఒక్కో పొరకూ ఒక్కో వెంట్రుకవాసి పైకి లేచింది. పద్నాలుగో పొరకు మొలతాడు రెండు వైపులా సమంగా, తక్కెడ ముల్లు లాగా నిలబడింది. ఆ పద్నాలుగు పొరలూ కలిపి బూటు ఆకారంలో మెత్త కుట్టింది. ఒక నంబరు పెద్ద బూట్లు కొన్నారు. అవి తొడుక్కుని అతను డాక్టరు ముందు పరేడులో నడిచినట్టు నడిచాడు. డాక్టరు కాలు ముట్టుకోలేదు, రాసిచ్చాడు. ఆ రోజు ఆమె నాలుగిళ్ళకు చక్కెర పంచింది.

అప్పటి నుంచి ఏటా దసరాకు కొత్త మెత్త. ఆయుధపూజ నాడు అతను బూట్లు, బెల్టు, లాఠీ కడిగి పెట్టేవాడు. పక్కన ఆమె తన కత్తెర, కొత్త మెత్త పెట్టి పసుపు కుంకుమ అద్దేది. మెత్త అడుగున ఏ ఏడాదిదో దారంతో అంకెలు కుట్టేది. పాతదాన్ని పారేసేది కాదు. కాలును మోసిన గుడ్డను చెత్తలో వేస్తే కాలికి కీడని ఆమె భయం. భయపడడానికి ఆమెకు కారణాలు ఎప్పుడూ కరువు కాలేదు.

ఇంటికి రాగానే మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగింది. ఇరవై అయిదు మెత్తలు. అట్టలయ్యి, చెమట పట్టి, ఇనుప వాసన వేస్తున్నాయి. ఇరవై ఆరోది అతని బూటులో ఉంది. నేల మీద వరసగా పేర్చింది. బిక్షపతి కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"అవి యాడికి?"

"రామ్మోహన్‌రావు సారు కాడికి. సాక్ష్యం గావాలన్నడు గద."

"పెట్టెల పెట్టు."

ఆమె పెట్టలేదు. అతను గొంతు పెంచలేదు. ఇరవై ఏండ్లు గేటు కాడ నిండు మనిషి లెక్క నిలబడ్డ, లారీలోళ్ళు సలాం కొట్టిన్రు, మేనేజర్ సాబ్ నన్ను జూపి కొత్త పోరగాళ్ళకు నిలబడుడు నేర్చుకోమన్నడు అన్నాడు. ఇప్పుడు నువ్వు పోయి, ఆ నిలబడ్డది మనిషి గాదు, గుడ్డపేలికలు అని చెప్తవా? నాకింత ఇజ్జత్ మిగిల్తే అది గూడ తీస్కపోయి బల్ల మీద పరుస్తవా?

లక్ష్మీనర్సమ్మకు పెళ్ళయి నలభై నాలుగేళ్ళు. అన్నేళ్ళలో అతనికి ఎదురు చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎదురు చెప్పాలని లేకపోవడం కాదు. మనిషి ఇంట్లో ఉండే రోజులే తక్కువ, ఉన్న నాలుగు రోజులు కొట్లాటకు ఖర్చు చెయ్యడం ఎందుకని. ఇప్పుడు లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"దవాఖానల కాలు కట్టేసినప్పుడు క్షేమం అని రాసినవ్. నేను నమ్మినట్టు జేసిన. డాక్టరు ముంగట సక్కగ నడిచినవ్, నేనే నడిపించిన. మనమిద్దరం గల్సి ఇరవై ఐదేండ్లు నీ కాలుకు ఏం గాలేదని అబద్ధం ఆడినం. గా అబద్ధాన్ని పట్కొని గిప్పుడు వాళ్ళు గూడ అదే అంటున్నరు, ఏం గాలేదని. వాళ్ళ మీద కోపం ఎందుకు మల్ల? మనం చెప్పిన మాటే గద."

అతను నేల మీది మెత్తల వరస వైపు చూశాడు.

"నిజం మనమే దాసిపెడ్తే, లేని నిజాన్ని వాళ్ళు యాడికెళ్ళి రాస్తరు? నువ్వు రాకుంటే రాకు. నేను పోత."

మెత్తలను బియ్యం సంచిలో వేసుకుని పై మంగళవారం ఒక్కతే పోయింది. రామ్మోహనరావు సంచిలోకి చూసి మొదట నవ్వబోయాడు. మొలతాడు సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్క మెత్తా తీసి, అంచు దగ్గర పొరలు పెన్ను మొనతో లెక్కపెట్టాడు. తొంభై తొమ్మిదిది పద్నాలుగు. రెండువేల పదిది పద్నాలుగు. చివరిది తీసేదాకా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఏటా అదే లెక్క ఎట్లా గుర్తు పెట్టుకున్నావమ్మా అని అడిగాడు. గుర్తు పెట్టుకోలేదని, ఏటా గోడ కాడ నిలబెట్టి మళ్ళీ చూసేదాన్నని చెప్పింది.

పక్కా మనిషి కాబట్టి ఆపద కూడా దాచకుండా చెప్పాడు. దొంగ సర్టిఫికెట్ తెచ్చామని మనమే చెప్పుకున్నట్టు అవుతుంది. మోసగాడు అని ఫైలులో రాసినా రాస్తారు. ఆ మాట మీ ఆయన బతికున్నంత కాలం ఆ ఫైలులో ఉంటుంది. ఆలోచించుకో.

ఆమె తాగడానికి నీళ్ళడిగింది. తాగాక, మోసం నేను చేసిన, నా పేరు మీద రాయండి అంది. అతను రాయబోతే కాగితం తన వైపుకు లాక్కుని తనే రాసింది. మెత్త ఎట్లా కుట్టిందో, డాక్టరు కాలు ముట్టుకోకుండా ఎట్లా రాసిచ్చాడో, పొడుగు కాలు మీద బరువు వేసి మొగుడు ఎట్లా నడిచేవాడో. పేజీన్నర అయింది. కింద పేరంతా రాసింది. దాని నకలు ఇంటికి తెచ్చి, ఏమీ అనకుండా టీవీ మీద పెట్టింది. సాయంత్రానికి అది అక్కడే ఉంది గాని మడత మారింది.

నెలన్నరకు కబురొచ్చింది. అప్పీలు బోర్డు కూర్చుంటుంది, సికింద్రాబాద్ అవతల మిలిటరీ దవాఖానాకు మనిషిని తీసుకుని రావాలి. ఇన్ని రోజులూ బిక్షపతి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆ పొద్దున ఆమె లేచేసరికి అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ చేసుకుంటున్నాడు.

"కాలు లేకుంట నువ్వొక్కదానివే పోయి ఏం కొలిపిస్తవ్?" అన్నాడు తలెత్తకుండా.

బోర్డు గది ముందు బల్ల దగ్గర తిరుపతి అనే క్లర్కు కాగితాలు తీసుకుంటున్నాడు. సంచి విప్పి చూసి, ఇవేం గుడ్డలమ్మా, బోర్డు అనుకున్నవా బొంతల దుకాణం అనుకున్నవా అన్నాడు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. బొంతలే బిడ్డా, మీ ఆఫీసు కుట్టలేదు గద, నేను కుట్టిన అంది లక్ష్మీనర్సమ్మ. వెనక నవ్వు పెద్దదైంది గాని ఈసారి తిరుపతి మీద.

లోపల ముగ్గురు ఆఫీసర్లు. నడుమ కూర్చున్న డాక్టరు పేరు నీరజ, హోదా కల్నల్. ఫైలు తిరగేస్తూ సర్టిఫికెట్ దగ్గర ఆగింది. పక్కనున్న ఆఫీసరు, గేటు దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడితే ఎవరి తుంటైనా అరుగుతుంది అని ఇంగ్లీషులో అన్నాడు. బిక్షపతికి అర్థమైంది. లక్ష్మీనర్సమ్మ మెత్తలను బల్ల మీద ఏడాదుల వరసలో పేర్చింది. బల్ల చాలక చివరి ఆరు కుర్చీ మీద పెట్టాల్సి వచ్చింది.

కల్నలమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, ఈ ఎర్రటి మరక రక్తమా అని అడిగింది. కుంకుమని చెప్పింది లక్ష్మీనర్సమ్మ. దసరాది. ఎన్ని పొరలో, ఆ లెక్క ఎక్కడిదో కల్నలమ్మ అడిగింది. మొలతాడు సంగతి విన్నాక బిక్షపతి వైపు తిరిగి, బూట్లు విప్పుతారా అంది.

ఆ గదిలో అదే కష్టమైన పని. బిక్షపతి పక్కనున్న ఆఫీసరును చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ తిరుపతిని చూశాడు. పాతికేళ్ళుగా ఇంటి గడప బయట విప్పని బూటు. వంగబోతే తుంటి సహకరించలేదు. లక్ష్మీనర్సమ్మ ముందుకు కదిలితే చేత్తో ఆపాడు. గోడకు ఆనుకుని, తనే లేసులు విప్పి, తనే మెత్త బయటికి తీసి బల్ల మీద మిగతావాటి పక్కన పెట్టాడు. వట్టి కాళ్ళతో నిలబడితే మనిషి ఒక పక్కకు ఒరిగాడు.

కల్నలమ్మ బీరువాలోంచి చెక్కముక్కలు తెచ్చింది. సన్నవి, ఒకదాని మీద ఒకటి పెట్టేవి. ఎడమకాలి కింద ఒక్కొక్కటే పెడుతూ నడుం ఎముకల మీద రెండు బొటనవేళ్ళు ఆనించి చూసింది. సమం అయ్యేసరికి ఆపి, ముక్కల మందం కొలిచింది. రెండున్నర సెంటీమీటర్లు. రామ్మోహనరావు ముందే చెప్పి కుట్టించిన కొత్త మెత్త ఒకటి సంచిలో ఉంది, ఇంకా కాలు తగలనిది. లక్ష్మీనర్సమ్మ దాన్ని తీసి చెక్కల పక్కన పెట్టింది. రెండూ ఒక్క ఎత్తు.

"మేం చేసే పరీక్షా ఇదేనమ్మా. మాకు చెక్కలు, మీకు గుడ్డలు" అంది కల్నలమ్మ.

టేపుతో రెండు కాళ్ళూ కొలిచి అదే తేడా వచ్చిందని చూసుకుంది. ఫైలు వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పింది. ఇన్నేళ్ళలో రెండు కాళ్ళూ కలిపి ఎవరూ కొలవలేదా అని తిరుపతిని అడిగింది. ఎడమ తొడది పాత ఫైలు మేడం, కుడి తుంటిది కొత్త ఫైలు, ఏ ఫైలుది ఆ ఫైలులోనే చూస్తరు అన్నాడతను, మామూలుగా.

లక్ష్మీనర్సమ్మకు లోపలెక్కడో తెగింది.

"మనిషి ఒక్కడే గద మేడం" అంది. "ఎడమ కాలు ఒక ఫైలుల, కుడి కాలు ఇంకో ఫైలుల పెడ్తే, నడుము యాడ పెట్టిన్రు?"

కల్నలమ్మ గొంతు తగ్గించి, మెత్త ఎన్నాళ్ళకోసారి మార్చేవారని అడిగింది. ఏడాదికోసారని చెప్పింది. ఎన్ని నెలలకు అణిగిపోయేది? ఉగాదికల్లా అని చెప్పి, ఆ మాట తన చెవిన పడ్డాక ఆమె ఆగిపోయింది. ఉగాది నుంచి దసరా దాకా ఆరు నెలలు. ఏటా ఆరు నెలలు అతను వట్టి అట్ట మీద నడిచాడు. దసరా రావాలని, పూజ కావాలని తనే ఆపింది. పన్నెండేళ్ళ బరువు తన చేతుల మీదుగా ఆ తుంటి మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బల్ల అంచు పట్టుకుంది.

కల్నలమ్మకు అర్థమైనట్టుంది. ఇది మీరు కుట్టాల్సింది కాదమ్మా అంది. కాలు కురచైనవాళ్ళకు మడమ ఎత్తు పెంచిన బూటు కుట్టే చోటు మిలిటరీకే ఉందని, అరిగినప్పుడల్లా కొత్తది ఇస్తారని, కాలు కొలిచి ఒక్క చీటీ రాసి ఉంటే సరిపోయేదని చెప్పింది.

"అడగాలమ్మా, అడిగితే ఇస్తరు" అన్నాడు తిరుపతి.

ఆమె కళ్ళల్లో నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి.

"ఉన్నదని తెలిస్తే గద అడుగుడు. కొలవకపోతిరి. కొలవలేదు గనుక బూటు ఇయ్యకపోతిరి. బూటు లేక తుంటి అరిగితే, కాలు సమానమే గద అని రాస్తిరి. మీ గడి ఖాళీ పెట్టుకొని మా మీద సంబంధం లేదంటే, ఎవరికి లేదు బిడ్డా సంబంధం? నాకు లేదా? ఇరవై ఆరు మెత్తలు కుట్టిన, నాకు సంబంధం లేదా?"

బిక్షపతి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆపడానికి కాదు. నిలబడలేక. ఆమె ఆ బరువును అట్లాగే మోస్తూ నిలబడింది. కల్నలమ్మ కుర్చీ తెప్పించి అతన్ని కూర్చోబెట్టి, పక్క ఆఫీసరుతో రెండు ముక్కలు మాట్లాడి, రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. కాగితం ఇటు తిప్పి వేలితో చూపిస్తూ తెలుగులో చెప్పింది. కుడి తుంటి అరుగుదల ఎడమకాలి గాయం వల్లనే, ఆ గాయం సేవలో తగిలిందే, కాబట్టి ఇదీ దానికిందే. పై ఆఫీసు నుంచి ఆర్డరు రావడానికి ఇంకా టైము పడుతుంది, కానీ బోర్డు మాట ఇదీ. సర్టిఫికెట్ గురించి, కాలు పరీక్షించకుండా ఇచ్చినదని ఒక్క వాక్యం రాసింది. మోసం అన్న మాట రాయలేదు.

లక్ష్మీనర్సమ్మ ఆ కాగితాన్ని పై నుంచి కింది దాకా తన పద్ధతిలో జల్లెడ పట్టింది. ఆ మూడక్షరాలు ఎక్కడా కలిసి కూర్చోలేదు. అయినా ఆమెకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న పని, పావుగంట పని, నాలుగు చెక్కముక్కల పని.

మెత్తలు ఫైలుతో పై ఆఫీసుకు పోవాలన్నారు. బయట తిరుపతి వాటిని అట్టపెట్టెలో వేయబోతే ఆమె అడ్డం నిలబడి రసీదు అడిగింది. గుడ్డలకు రసీదేందమ్మా అన్నాడు. ఎక్స్‌రేలు తగలబెట్టినోళ్ళకు రసీదు లేకుండ ఇయ్య అంది. తిరుపతి ఈసారి నవ్వలేదు. బట్ట మెత్తలు అని రాసి, అంకె వేసే ముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. బూటులోంచి తీసినదాంతో కలిపి ఇరవై ఆరు.

"కొత్తది గూడ ఉండె గదా. దాంతోని ఇరవై ఏడు" అన్నాడు.

"అది ఇయ్య" అంది ఆమె.

బిక్షపతి బెంచీ మీద ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అతని ముందు చతికిలబడి, కొత్త మెత్తను ఎడమ బూటులోకి దూర్చి, అంచులు వేళ్ళతో సర్దింది. ఆషాఢం. దసరాకు ఇంకా మూడు నెలలు. పసుపు లేదు, కుంకుమ లేదు, అంకె కూడా కుట్టలేదు.

"ముహూర్తం సూడవా?" అన్నాడు బిక్షపతి.

"కాలు పెట్టు" అంది ఆమె.

అతను కాలు పెట్టాడు. లేసులు కట్టుకుంటూ, త్రివేణికి ఫోన్ చేసి ఆపరేషన్ తారీఖు అడగమను అన్నాడు.